హాలుకు రెండు టన్నులు

మా నాయిన అమ్మను కొట్టేది మధ్యాహ్నం పూట.

గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్ళు ఆయన నడిచి వెళ్ళి నడిచి వచ్చేవాడు. మార్కెట్ ఊరి బయటికి తరలిపోయాక రాత్రి ఒంటిగంటకే లేచి ట్రాలీ ఆటోలో పోయేవాడు. లారీల్లో వచ్చిన మామిడి దించి, వేలంపాటలు అయ్యాక పొద్దున పదిన్నరకో పదకొండుకో ఇల్లు చేరేవాడు. స్నానం చేసి, తిని, పడకగదిలోకి వెళ్ళేవాడు. కాళ్ళు పిసకమని అమ్మను పిలిచేవాడు. లోపల గడియ పడేది.

ఎల్.బి.నగర్‌లో మాది ఒక పాత బిల్డింగులో అన్నిటికంటే పై వాటా. హాలు, రెండు పడకగదులు, హాల్లోకే తెరుచుకున్న వంటిల్లు. పెద్ద పడకగది వాళ్ళది, చిన్నది మాది. కిరాయి నేను కట్టినా ఇంటికి పెద్ద ఆయనే. స్లాబు మీద పొద్దంతా ఎండ. పడమటి గోడకు నీడనిచ్చే ఇల్లేదీ పక్కన లేదు. ఏప్రిల్ వచ్చేసరికి ఆ గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుండేది.

నేను ఏసీలు బిగించే మెకానిక్‌ను. దిల్‌సుఖ్‌నగర్‌లో గంగాధరరావు గారి షాపులో తొమ్మిదేళ్ళుగా పని. ఆ ఎండాకాలం రోజుకు నాలుగిళ్ళు తిరిగేవాణ్ణి. నా పెళ్ళి ఫిబ్రవరిలో అయింది. నా భార్య అరుణజ్యోతిది సైదాబాద్. ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో రక్తం తీసే ఉద్యోగం. పొద్దున ఆరింటికి పోయి పన్నెండున్నరకు వచ్చేసేది.

ఏప్రిల్ రెండో వారంలో ఒకరోజు అన్నానికి ఇంటికొచ్చాను. జ్యోతీ నేనూ హాల్లో కూర్చుని తింటున్నాం. లోపలినుంచి ముందు ఆయన గొంతు వినిపించింది, తర్వాత స్టీలు చెంబు గోడకు తగిలిన చప్పుడు. ఆ తర్వాత వచ్చినది చెంబు చప్పుడు కాదు. నా ఎడమ చెయ్యి దానంతటదే రిమోట్ అందుకుంది.

"సౌండ్ ఎందుకు పెంచినవ్?" అంది జ్యోతి.

"వార్తలు."

"వార్తలు కావది. పళ్ళపొడి యాడ్."

ఆమె కంచం కింద పెట్టి లేచింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "పోకు జ్యోతీ. నువ్వు పోతె ఇంకా ఎక్కువ కొడతడు. నాకు ఎరుకే."

అది నిజం. పన్నెండేళ్ళప్పుడు ఒకసారి తలుపు బాదాను. కొడుకును తన మీదికి ఎగదోస్తోందని ఆ రోజు అమ్మకు ఇంకో అరగంట దెబ్బలు పడ్డాయి. ఆ రోజు నుంచి నేను టీవీ సౌండ్ పెంచుతూనే ఉన్నాను.

నాలుగింటికి అమ్మ బయటికొచ్చి టీ పెట్టింది. ఆమె పేరు సుమిత్రమ్మ. ఎడమ చెవి ఎర్రగా వాచి ఉంది. జ్యోతి ఆ చెవి వంకే చూస్తోందని గమనించి కొంగు కప్పుకుంది.

"ఎండకు నిద్ర పడ్తలేదు మీ నాయినకు. పరేషానైతుండు పాపం. పొద్దంత మూటలు మోసి వచ్చె," అంది.

నేనూ అదే నమ్మాను. ఎండాకాలం కొట్టినంతగా ఆయన చలికాలం కొట్టేవాడు కాదు. కాబట్టి ఇదంతా వేడి చేస్తున్న పని అనుకున్నాను. వేడి తగ్గించడమే నా వృత్తి.

అందుకే నాలుగు రోజుల తర్వాత నాయిన తనంతట తానే ఏసీ మాట ఎత్తినప్పుడు నాకు సంతోషమైంది. ఆ రోజు మంచి హుషారుగా ఉన్నాడు. బంగినపల్లి కోసి జ్యోతికి ముక్కలందిస్తూ అన్నాడు. "ఊరందరికి బిగిస్తవ్, నీ అయ్యకు బిగియ్యవా? నా అర్రకు ఒకటి పెట్టు. చిన్నది, ఒక్క టన్ను సాలు."

మరునాడు ఆయన మార్కెట్ నుంచి రాకముందే గది కొలతలు తీశాను. జ్యోతికి ఆ రోజు సెలవు. టేపు రెండో కొస ఆమె పట్టుకుంది. పొడుగు పదకొండు అడుగులు, వెడల్పు పది. మామూలుగా అయితే ఒక టన్ను చాలు. కానీ పైన స్లాబు, పడమటి గోడ. ఒక టన్ను పెడితే మిషను ఆగకుండా తిరుగుతుంది, గది చల్లబడదు. ఒకటిన్నర కావాలి. మరీ పెద్దది పెట్టినా చిక్కే. గది తొందరగా చల్లబడి మిషను ఆగిపోతుంది, ఉక్క మాత్రం అట్లాగే ఉంటుంది. ఈ లెక్కలన్నీ జ్యోతికి చెబుతూనే ఉన్నాను. ఆమె వినడంలేదు.

"ఇటు రా," అంది.

తలుపు తెరిస్తే దాని వెనక దాక్కునే గోడ అది. మనిషి తల ఎత్తులో మూడు చోట్ల సున్నం పెచ్చులూడి ఉంది. ఒక పెచ్చు అంచుకు పొడుగాటి నెరిసిన వెంట్రుక అంటుకుని ఉంది. జ్యోతి దాన్ని రెండు వేళ్ళతో మెల్లగా తీసింది, రక్తం తీసిన సూదిని పట్టుకున్నంత జాగ్రత్తగా.

"నిన్న అత్తమ్మకు తల దువ్విన," అంది. "మెడ కింద ఒక మచ్చ పచ్చవడ్డది. అది వారం కిందటిది. భుజం మీద నల్లగ ఉన్నది మొన్నటిది. వీపు మీద ఎర్రగ ఉన్నది నిన్నటిది. నాకు రోజూ చేతులు చూసుడే పని. రంగు చూస్తె తేదీ చెప్త."

నేను కాగితం మీద రాసుకుంటున్నట్టు నటించాను.

"ఒకటి చెప్పు. ఏసీ పెడితె తలుపు మూసుకోవాలె గదా?"

"మరి? సల్లదనం పోతది."

"కిటికి సందులకు?"

"ఫోమ్ పట్టీ ఏస్త. తలుపు కింద గూడ ఏస్త."

"అయితె ఇంక ఏ చప్పుడు బయటికి రాదు," అంది. "నీకు సౌండ్ పెంచే పని గూడ ఉండదు."

టేపు నా చేతిలోంచి జారి, సర్రున డబ్బాలోకి చుట్టుకుపోయింది. అడిగాను, "మరేం జెయ్యమంటవ్?"

"హాలుకు పెట్టు. నలుగురం హాల్లనే పడుకుందాం. మామ గూడ. సల్లగనే ఉంటది గదా ఆయనకు."

"ఒప్పుకోడు."

"అప్పుడు తెలుస్తది, ఆయనకు కావాల్సింది సల్లగాలినా, గడియనా అని."

ఆదివారం మార్కెట్‌కు సెలవు. పొద్దున నాయినను బండి మీద ఎక్కించుకుని షాపుకు వెళ్ళాను. తెల్ల చొక్కా వేసుకున్నాడు, తల నున్నగా దువ్వుకున్నాడు. బయటివాళ్ళ ముందు మా నాయినంత మర్యాదస్తుడు ఉండడు. గంగాధరరావు గారు కౌంటరు వెనకనుంచి లేచి వచ్చారు.

"రండి రండి గోపయ్యగారూ! మీ అబ్బాయి బంగారం అండీ. వీడు బిగించిన ఏసీకి మళ్ళీ కంప్లయింటు రాదు. కూర్చోండి. ఏ గదికి?"

"మా పండుకునే అర్రకు సార్. ఒక్క టన్ను," అన్నాడు నాయిన.

"పై అంతస్తు కదండీ మీది? ఒక టన్ను చాలదు. గది ఎంతుంటుంది కృష్ణా? పడుకునేది ఎంతమంది?"

కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ ఆయన అడిగే ప్రశ్నే అది. నేను కూడా ఇల్లిల్లూ తిరిగి అడిగే ప్రశ్నే. చొక్కా జేబులో కొలతల కాగితం ఉంది. తీసి చూశాను. ఇద్దరు అని నా చేతిరాతలోనే ఉంది.

"నలుగురం," అన్నాను.

"నలుగురా? పడగ్గదిలోనా?"

"అర్రకు కాదు సార్. హాలుకు. పన్నెండు, పదిహేడు. వంటిల్లు గూడ అందులకే ఓపెను."

గంగాధరరావు గారు కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. "రెండొందల పైచిలుకు అడుగులు, పైన స్లాబు, పొయ్యి వేడి, నలుగురు మనుషులు. అయితే రెండు టన్నులు వెయ్యాల్సిందే. అంతకు తక్కువైతే దండగ బాబూ."

"రెండే ఇయ్యండి," అన్నాను.

నాయిన చెయ్యి నా భుజం మీద పడింది. చూసేవాళ్ళకు కొడుకును మెచ్చుకుంటున్న తండ్రిలా ఉండి ఉంటాడు. ఆయన బొటనవేలు నా మెడ ఎముక వెనక గుంటలో దిగి, ఎముకను పైకి లాగుతోంది. మూటల కొక్కెం పట్టి పట్టి ఇనుమైపోయిన వేలు అది. నా కంట్లో నీళ్ళు తిరిగాయి.

"మా పోరడు ఏం జేసినా ఆలోచించే జేస్తడు సార్," అన్నాడు నవ్వుతూ.

ఇంటి ముందు నాయిన బండి దిగాడు. మెట్లెక్కాడు, చెప్పులు విడిచాడు. వంటింట్లో నిలబడ్డ అమ్మను జుట్టు పట్టుకుని, హాలు మీదుగా ఈడ్చుకుంటూ గదిలోకి తీసుకుపోయాడు. "కొడుకును తయారు జేస్తున్నవా నా మీదికి?" గడియ పడింది.

జ్యోతి ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. నేను తలుపు ముందు నిలబడ్డాను. "నాయినా, తలుపు తియ్," అన్నాను. రెండోసారి గట్టిగా అన్నాను. లోపల తల గోడకు తగిలిన చప్పుడు వినిపించింది. అప్పటికి ఆ చప్పుడు ఏ గోడదో, ఎంత ఎత్తుదో నాకు తెలుసు. అమ్మ ఏడవలేదు. "మెల్లగ, మెల్లగ, కింది వాటావోల్లు వింటరు," అని మాత్రం అంటోంది. నా సంచిలో సుత్తి ఉంది, డ్రిల్లుంది. తలుపు బద్దలు కొట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డావని జ్యోతి అడిగితే చెప్పలేకపోయాను. ఇప్పుడూ చెప్పలేను.

మర్నాడు పొద్దున ఏడింటికి, ఆయన మార్కెట్లో ఉండగా, ఆ తలుపు గడియ విప్పేశాను. నాలుగు స్క్రూలు. ఎనిమిదింటికి ఏసీ వచ్చింది. దాంతోపాటు నాతో పనిచేసే సాయినాథ్ అన్న వచ్చాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, నిదానస్తుడు. బయటి మనిషి ఉంటాడు కాబట్టి ఇవాళ నాయిన చెయ్యెత్తడని నా ధైర్యం. జ్యోతి సెలవు పెట్టింది.

పదిన్నరకు ఆయన వచ్చాడు. నేను స్టూలు మీద నిలబడి హాలు గోడకు రంధ్రం వేస్తున్నాను. దుమ్ములోంచి నన్ను చూశాడు, సాయినాథ్ అన్నను చూశాడు. గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసిన చప్పుడైంది. అది మళ్ళీ దానంతటదే తెరుచుకుంది.

"గడియేది?"

డ్రిల్లు ఆపాను. "తీసేసిన నాయినా."

"ఎవన్నడిగి?"

"నేనే తియ్యమన్న," అంది అమ్మ.

నిజానికి ఆమె నాకు తియ్యమని చెప్పనేలేదు. గడియ విప్పిన సంగతి అప్పటిదాకా ఆమెకు తెలియనే తెలియదు. స్టవ్ ముందు నిలబడి, పప్పు గరిటె చేతిలో పట్టుకుని, మొగుడి మొహంలోకి చూస్తూ అంది.

సాయినాథ్ అన్న సంచిలోంచి పైపు పానా పొడుచుకొచ్చి ఉంది. అడుగున్నర ఇనుము. నాయిన వంగి దాన్ని అందుకోవడం నేను చూశాను. అయినా అది అమ్మ మీద పడుతుందని నా బుర్రకు ఎక్కేలోపే పడింది. ఆమె తలకు అడ్డంగా చెయ్యెత్తింది. ఎండిన కట్టె విరిగినట్టు చప్పుడైంది. ముంజేయి మధ్యలో వంగిపోయింది, అక్కడ కీలు లేకపోయినా.

"ఓ పెద్దాయినా! ఏంది గది!" అని సాయినాథ్ అన్న అరిచాడు.

జ్యోతి అమ్మను పక్కకు లాగింది. రెండో దెబ్బ జ్యోతి చెవిని రాసుకుంటూ పోయి భుజం మీద పడింది. మెడ మీదుగా రక్తం కారింది. మూడోసారి పానా లేచింది.

నేను ఎప్పుడు దూకానో తెలియదు. ఆయన మణికట్టు మీద కొట్టాను, పానా కింద పడింది. రొమ్ము మీద గుద్దాను, గోడకు తగిలి అట్లాగే జారి కూర్చున్నాడు. అంతటితో అయిపోయింది. అరవై దగ్గరపడ్డ మనిషి, ఖాళీ చేతులతో నేల మీద కూర్చుని ఉన్నాడు. నేను వంగి, చొక్కా పట్టుకుని, మూతి మీద ఇంకొకటి కొట్టాను. పెదవి పగిలింది. అప్పుడు నాలుగోదానికి చెయ్యెత్తితే సాయినాథ్ అన్న వెనకనుంచి వాటేసుకున్నాడు.

నాయిన నన్ను చూసిన చూపులో కోపం లేదు. భయం ఉంది. దానికి నాకు ఒక్క క్షణం ఒళ్ళంతా హాయిగా అనిపించింది. ఈ మాట నేనింతవరకు ఎవరితోనూ అనలేదు.

అమ్మను ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. జ్యోతి చెవికి దూది అదిమి పట్టుకుని పక్కన కూర్చుంది. ఎమర్జెన్సీలో ఒక లేడీ డాక్టరు కాగితం ముందు పెట్టుకుని, "ఎట్ల విరిగిందమ్మా?" అని అడిగింది.

"మెట్ల మీద..." అంది అమ్మ. అలవాటైన మాట. గలగలా వచ్చేదే. మధ్యలో జ్యోతి వైపు చూసింది. రక్తం దుపట్టా దాకా వచ్చింది. అమ్మ చాలాసేపు ఆ ఎర్రమరకనే చూసింది.

"మెట్లు గాదు. ఇనుప పానాతోని కొట్టిండు. నా మొగుడు. గోపయ్య ఆయన పేరు. రాసుకో బిడ్డా. నా కోడల్ని గూడ కొట్టిండు, అది గూడ రాయి."

డాక్టరు రాసుకుంది. ఆ సాయంత్రమే పోలీసులు వచ్చి అమ్మ మాటలు తీసుకున్నారు, కేసు రాశారు. అమ్మ తడబడలేదు. తేదీలు గుర్తులేని చోట్ల జ్యోతి రంగులు చెప్పింది. నాయిన నాలుగు రోజులు లోపలున్నాడు. తర్వాత బెయిలు మీద తుర్కయంజాల్‌లో ఉండే మా పెదనాయిన సీతారాములు దగ్గరికి పోయాడు.

దవాఖాన నుంచి ఇంటికొచ్చాక జ్యోతి నన్ను బాల్కనీలోకి పిలిచింది. చెవికి నాలుగు కుట్లు పడ్డాయి.

"మూడో దెబ్బ ఎందుకు కొట్టినవ్?"

"నిన్ను కొట్టిండు గద జ్యోతీ."

"మొదటి రెండు అందుకు. నేను చూసిన. మూడోది అందుకు గాదు."

నేను కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"నా మీద చెయ్యెత్తిన రోజు, అది దిగేలోపు నేనీ ఇంట్ల ఉండ. అత్తమ్మను గూడ తీస్కపోత," అంది. బెదిరింపులా లేదు. రేపు డ్యూటీ ఎన్నింటికో చెబుతున్నట్టుంది. "పో, అన్నం కలుపు. అత్తమ్మకు కుడిచెయ్యి లేదు. నువ్వే తినిపియ్."

తినిపించాను. పుట్టి బుద్ధెరిగాక అమ్మ మొహాన్ని అంత దగ్గరగా, అంతసేపు చూడటం అదే మొదటిసారి.

రెండు రోజుల తర్వాత సాయినాథ్ అన్న వచ్చి మిగిలిన పని పూర్తి చేశాడు. గంగాధరరావు గారి లెక్క తప్పలేదు. పాతిక నిమిషాలకు హాలంతా చల్లబడేది, మిషను ఆగేది, కాసేపటికి మళ్ళీ మొదలయ్యేది. మే అంతా ముగ్గురం అక్కడే పరుపులు వేసుకున్నాం. మొదట్లో మధ్యాహ్నం కునుకు తీస్తూ అమ్మ ఉలిక్కిపడి లేచేది. ఏ చప్పుడుకని చూస్తే ఏమీ ఉండేది కాదు. మిషను ఆగిపోయిన నిశ్శబ్దానికే లేచేది. జ్యోతి ఆమె వీపు మీద చెయ్యి వేసి, "పడుకో అత్తమ్మా, అది గట్లనే ఆగుతది," అనేది.

చుట్టాలు వచ్చారు. ముందు సీతారాములు పెదనాయిన వచ్చాడు. "ఏసీ ఏ అర్రల పెట్టాలె అని ఇల్లు రెండు ముక్కలు జేసుకుంటరా? అంత చదువుకున్నరు, సిగ్గనిపిస్తలేదా?" అన్నాడు. మా వైపు వాళ్ళందరూ ఈ రోజుకీ అదే అంటారు, గోపయ్య ఇంట్లో ఏసీ గురించి లొల్లైందని. అమ్మ సిమెంటు కట్టు వేసిన చేతిని ఆయన ముందు టీపాయ్ మీద, టీ కప్పు పక్కన పెట్టింది. ఆయన టీ తాగకుండానే లేచాడు.

జూన్‌లో మొదటి వాన పడిన మర్నాడు నాయినే వచ్చాడు. కట్టు తీసి మూడు రోజులైంది. అమ్మ చెయ్యి సన్నబడి, ఎవరిదో చిన్నపిల్లది తెచ్చి అతికించినట్టుంది. నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. తలుపు అమ్మే తీసింది. ఆయన చిక్కిపోయాడు. చేతిలో మామిడిపండ్ల సంచి. సీజను ఆఖరి పండ్లు.

"సుమిత్రా," అన్నాడు. ఆయన నోట అమ్మ పేరు నేనెప్పుడూ వినలేదు.

"లోపలికి రా. కూసో. నీళ్ళిస్త," అంది అమ్మ.

సోఫా అంచున కూర్చున్నాడు. సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. నా కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుంటోందని తెలిసి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి కుర్చీ వీపు మీద పెట్టాను. జ్యోతి నా వేళ్ళ వంకే చూస్తోంది.

అమ్మ ఎడమచేత్తో గ్లాసు తెచ్చి ఇచ్చింది. తాగాడు.

"తప్పైంది," అన్నాడు నేలను చూస్తూ. "ఎండలు పోయినయ్ గద. ఇగ ఏముండదు. ఇంటికొస్త."

"ఇంకో గలాస్ తేవాల్నా?"

"సాలు."

"అయితె పో. మల్ల వాన అందుకుంటది."

ఆయన తలెత్తాడు. అమ్మ మొహంలో ఏదో వెతికాడు. కనబడలేదు కాబోలు, నా వైపు తిరిగాడు, తర్వాత మళ్ళీ అమ్మ వైపు. "యాడికి పోవాలె నేను?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు.

"ముప్పై ఏండ్ల సంది గా మాట నేను ఎవ్వల్నీ అడగలె," అంది అమ్మ. "ఎవ్వల్నడగాలెనో నాకు ఎరుకలె. నన్నైతె అడగకు."

ఆయన లేచాడు. మెట్ల దాకా వెళ్ళాడు. అమ్మ వెనకనే గుమ్మం దాకా వెళ్ళింది. పిలుస్తుందేమో అనుకున్నాను. ఆయన కూడా అనుకున్నాడు, మూడో మెట్టు మీద ఆగాడు.

"సంచి మర్శినవ్," అంది.

ఆయన మెట్లు తిరిగి ఎక్కి వచ్చి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.